ఎడమ బూటులో బురద

ఆమెకి లోకంలో సగం వస్తువులు అసహ్యం, మిగతా సగం అనుమానం. బస్సులో పట్టుకునే కడ్డీ, పక్కింటివాళ్ళు తిరిగిచ్చిన గిన్నె, ఎవరో వేలు తడిచేసుకుని తిప్పిన పుస్తకం పేజీ, ఇవన్నీ అసహ్యం కిందికి వస్తాయి. తలుపు గొళ్ళెం, అరువిచ్చిన గొడుగు, అప్పుడే పుట్టిన పిల్లలు అనుమానం కిందికి. అక్క కూతురు మాటలు నేర్చిన కొత్తల్లోనే ఆమెకి ఛీఛీ పిన్ని అని పేరు పెట్టింది. ఆ పేరు ఇంట్లోంచి మెట్ల మీదికి, మెట్ల మీదినుంచి వీధిలోకి పాకి, చివరికి ఆమె పనిచేసే చోటికి కూడా చేరింది. ఆమె ఏమీ అనుకోలేదు. ఉన్నమాటే కదా.

పెద్దాసుపత్రి వెనకాల దుప్పట్లు ఉతికే షెడ్డులో ఆమె ఉద్యోగం. నిలువెత్తు మిషన్లు ఆరు అక్కడ పొద్దస్తమానం తిరుగుతూ ఉంటాయి. ఉతికి, ఆరి, ఇస్త్రీ అయిన దుప్పట్లన్నీ ఆఖరికి కిటికీ పక్కనున్న తెల్ల బల్ల మీదికి వస్తాయి. ఆ బల్ల ఆమెది. రోజుకి మూడొందల దుప్పట్లు. ఒక్కొక్కటీ పరిచి, వెలుగుకి ఎత్తి, మొహం దగ్గరగా పెట్టుకుని మరక వెతుకుతుంది. కంటికి దొరక్కపోతే ముక్కుతో వెతుకుతుంది. మామూలు వాళ్ళకి తళతళలాడుతూ కనిపించే దుప్పటిని పట్టుకుని, “ఇది పుండు రసి. మీరు రెండుసార్లు ఉతికినట్టు నటించారు,” అని విసిరికొడితే, మిషన్ల దగ్గరివాళ్ళు మళ్ళీ నానబెట్టేవాళ్ళు. పదిహేడేళ్ళలో ఆమె బల్ల దాటిన దుప్పటి ఒక్కటి కూడా వార్డు నుంచి తిరిగి రాలేదు. ఆ బల్ల ముందు నిలబడ్డ ఎనిమిది గంటలే ఆమెకి ఊపిరి నిండుగా ఆడేది. మిగతా పదహారు గంటలూ ముక్కు బిగబట్టుకుని బతికేది.

ఒక మంగళవారం పొద్దున డ్యూటీకి బయల్దేరుతూ ఎడమ బూటులో కాలు పెట్టింది. చల్లగా, మెత్తగా, జారుడుగా ఏదో వేళ్ళ సందుల్లోంచి పైకి వచ్చింది.

ఇల్లు అదిరిపోయేలా అరిచింది. అక్క గరిటె పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. బావ పేపర్లోంచి తల ఎత్తలేదు.

“ఏమైందే?”

“బురద! బూటులో బురద! ఛీ, ఛీ, ఛీ!”

అక్క బూటు అందుకుని లోపలికి తొంగి చూసింది. పిడికెడు నల్ల బురద, అందులో కుళ్ళిన ఆకు ముక్క, ఆకు మీద తాపీగా కదులుతున్న తెల్ల పురుగు.

“నీకు పిలుపొచ్చిందే,” అంది, జలుబు చేసిందే నీకు అన్నంత మామూలుగా.

“ఏ కాలు?” అన్నాడు బావ పేపరు వెనకనుంచి.

“ఎడమ.”

“అయితే దూరమే. మా పెదనాన్నకి కుడి కాలికొచ్చింది. నాలుగు రోజుల్లో చూసుకుని తిరిగొచ్చేశాడు.”

ఛీఛీ పిన్ని పిలుపుకి లొంగే మనిషి కాదు. బూట్లు మూడుసార్లు ఉడికించింది. మర్నాడు మళ్ళీ పిడికెడు. బూట్లు ప్లాస్టిక్ సంచీలో పెట్టి మూతి బిగించి కట్టింది. సంచీ నిండా బురద. కొత్త చెప్పులు కొంది, ఎడమ చెప్పు మీద ముద్దగా, ఎవరో పెట్టి వెళ్ళినట్టు. అసలు ఏమీ తొడుక్కోకపోతే పీడా పోతుందనుకుంటే, తెల్లారేసరికి పక్కలో ఎడమ పాదం ఆనే చోటే ఉంది. ఆ పక్క దుప్పటిని ఆమె మెట్లకింద తగలబెట్టింది. వాసన మాత్రం పోలేదు. కుళ్ళిన గుడ్డు, తుప్పుపట్టిన ఇనుము, వాటి అడుగున తియ్యగా, ముగ్గి మురిగిపోయిన పండు. మొదటి రెండూ భరించవచ్చు. ఆ తియ్యదనమే కడుపులో దేవేది.

వారం తిరక్కుండానే ఆమె బూటులోంచి జారిన బురద బల్ల మీది దుప్పట్లకి అంటింది. ఒకటికి కాదు, నలభైకి. సూపర్నెంటు వచ్చి చూశాడు. నెమ్మదస్తుడే.

“అమ్మా, ఇది వేరేవాళ్ళు చేసుంటే ఏమనేదానివి?”

“మనిషి జన్మేనా అనేదాన్ని.”

“నేను అంత మాట అనను. మట్టి ఆగాక రా. రెండు నెలలు నీ బల్ల దగ్గర ఎవర్నీ నిలబెట్టను. ఆ పై ఒకటో తారీఖున కొత్త మనిషిని వేసేస్తారు. అది నా చేతుల్లో లేదు.”

అలా ఆమె దారుల ఆఫీసు మెట్లెక్కింది. ఊరికి ఉత్తరాన, ఆఖరి రోడ్డు ఆగిపోయిన దగ్గర్నుంచీ అడవీ చిత్తడీ కలిసిన నేల ఎంత దూరం ఉందో ఎవరికీ తెలియదు. ఆ ఆఫీసు పని దాన్ని కాగితం మీదికి ఎక్కించడం. గోడంత మ్యాపు, అందులో ముప్పాతిక వంతు తెల్లగా ఖాళీ. మ్యాపు పక్కన దుమ్ముపట్టిన ఫోటోలు, ఇంతకు ముందు వెళ్ళొచ్చినవాళ్ళవి.

గుమాస్తా ఒక డబ్బా మూత తీసి ముందుకి తోశాడు. ఆమె తెచ్చిన బురద అందులో వేసింది. అతను దాన్ని చూడను కూడా చూడకుండా ఒక చీటీ అంటించాడు.

“ఈ మట్టి అక్కడెక్కడో ఒక చోటిది. ఆ చోటు మీరే వెతుక్కోవాలి. దొరికాక ఎడమ పాదం మునిగేలా దిగి, వంద లెక్కపెట్టాలి. మర్నాడు బూటు పొడిగా ఉంటే అదే చోటు. వచ్చి చెబితే మ్యాపులో గుర్తు పెడతాం.”

“వేరేవాళ్ళని పంపకూడదా?”

“వేరేవాళ్ళ బూటులోకి రాలేదు కదమ్మా,” అన్నాడు గుమాస్తా. “ముందు మాస్టారి దగ్గర శిక్షణ. శనివారం పొద్దున బస్సు. వారానికి ఒకటే.”

రోడ్డు చివర రేకుల షెడ్డు, ముందు ఒక చేతిపంపు, చుట్టూ పాచి. అదే శిక్షణ కేంద్రం. మాస్టారు గుమ్మంలో కూర్చుని కాలిమీది పుండు గిల్లుకుంటూ స్వాగతం చెప్పారు. అరవై దాటిన మనిషి. ఆయన గడ్డం చూస్తే ఆ వారంలో ఏమేం తిన్నారో చెప్పేయవచ్చు. చేతి గోళ్ళు పసుప్పచ్చగా, మందంగా పెరిగి, ఒక్కో గోటి కింద నల్లటి గట్టు. అది ఒట్టి మట్టే అయితే బాగుండునని ఆమె అనుకుంది. కాదని ఆమె ముక్కు చెప్పింది. ఆయన ముక్కు చీది, చెయ్యి చొక్కాకి తుడుచుకుని, అదే చేత్తో రొట్టె తుంచి ఆమెకి అందించారు.

అక్కడున్నన్నాళ్ళూ ఆమె ఉడకబెట్టిన గుడ్లు తినే బతికింది. గుడ్డుకి పెంకు ఉంటుంది.

ఆ విడతలో ఇద్దరే శిష్యులు. రెండోవాడు ఒక లారీ డ్రైవరు, కుడి కాలివాడు. దేనికైనా సిద్ధమే అనే రకం. “అడవికి కావల్సింది కాళ్ళూ కాదు, ధైర్యమూ కాదు,” అని మాస్టారు మొదటి పాఠం చెప్పినప్పుడు నోరు తెరుచుకుని విన్నాడు. “రోత చావాలి. రోత చచ్చినవాడికి అడవంతా సొంతిల్లే.”

రోత చంపడానికి మాస్టారి దగ్గర ఒక పద్ధతి ఉంది. పొద్దున్నే అడవి జంతువుల పెంట ఏరుకొచ్చి, వేళ్ళతో విప్పి, ఏ జంతువుదో, ఎప్పటిదో, ఏం తిందో చెప్పాలి. మధ్యాహ్నం మట్టి నాలుక మీద వేసుకుని చప్పరించాలి, నేల మారినప్పుడు నోటికి తెలియడానికట. సాయంత్రం జలగల మడుగులో మెడలోతు కూర్చోవాలి. వాటిని పీకకూడదు, తాగి తాగి ఉబ్బి అవే రాలేదాకా ఆగాలి. మధ్యలో ఆకలేస్తే పుచ్చిన మానులో తెల్లగా బొటనవేలంత పురుగులుంటాయి. డ్రైవరు వాటిని నోట్లో వేసుకుని, చిట్లేదాకా నమిలి, “బాగానే ఉందక్కా, వెన్నలా ఉంది,” అనేవాడు. ఆమె పరిగెత్తుకెళ్ళి పొదల వెనక కక్కుకునేది. కక్కిన చోటికి చీమలు వచ్చేవి. ఆ చీమల్ని చూసి ఇంకోసారి కక్కేది.

“నీ వల్ల కాదమ్మా,” అనేవారు మాస్టారు. “ముప్పై ఏళ్ళలో ఇంత సున్నితపు మనిషిని చూళ్ళేదు.”

“నాకు రోత చావక్కర్లేదు మాస్టారూ. బురద ఆగితే చాలు. నా బల్ల పోతుంది.”

“బల్ల!” అని ఆయన నవ్వి, ఉమ్మేసి, ఉమ్మిన దాన్ని కాలితో రాశారు.

అయితే ఒక విషయం ఆయన పట్టించుకోలేదు. పెంట ముద్దని డ్రైవరు అరచేతిలో వేసుకుని ఎంత పిసికినా, “ఏదో మాంసం తినేదే,” అనేవాడు తప్ప ముందుకు పోయేవాడు కాదు. ఆమె చేతికి గుడ్డ చుట్టుకుని, రెండు పుల్లలతో పట్టుకుని, మొహం పక్కకి తిప్పుకుని, ఒక్కసారి ముక్కు ఎగబీల్చి, “నక్క. మొన్నటిది. కప్పల్ని తింది. కడుపు బాగాలేదు దానికి, ఛీ,” అనేది. ప్రతిసారీ సరిగ్గా ఉండేది. మాస్టారు వినిపించుకోనట్టు గడ్డం గోక్కునేవారు.

ఏడో వారంలో ముగ్గురూ ఒక వాగు దగ్గర ఆగారు. నీళ్ళు అద్దంలా ఉన్నాయి, అడుగున గులకరాళ్ళు లెక్కపెట్టవచ్చు. మాస్టారు దోసిలి పట్టారు. డ్రైవరు బోర్లా పడుకుని మూతి పెట్టేశాడు.

“తాగకు,” అంది ఆమె. “చచ్చిన వాసన.”

“ఇంత తేటగా ఉంటేనా?”

“తేటగా ఉంటే! నా బల్ల మీదికి వచ్చేవన్నీ తెల్లగానే ఉంటాయి. లే అక్కణ్ణుంచి.”

“రోత చంపుకోమంటే పెంచుకుంటోంది,” అన్నారు మాస్టారు, గడ్డం తుడుచుకుంటూ. డ్రైవరు నవ్వి, పొట్ట నిండా తాగాడు. ఆమె నాలుక పిడచకట్టుకుపోతున్నా ముట్టుకోలేదు. నూరు గజాలు పైకి నడిస్తే వాగుకి అడ్డంగా అడవిపంది పడి ఉంది. పొట్ట పగిలి, నీళ్ళు దానిలోంచి దూరి ఇవతలికి వస్తున్నాయి. డ్రైవరు దాన్ని చూసి కూడా, “ఆ, ఏముందిలే,” అన్నాడు. ఆ పూట దాటాక మాత్రం ఏమీ అనలేకపోయాడు. నాలుగు రోజులు పైనా కిందా పోయి, కళ్ళు లోపలికి వెళ్ళిపోయి, శనివారం బస్సులోకి ఇద్దరు మోసుకెళ్ళాల్సి వచ్చింది. మాస్టారికి ఏమీ కాలేదు. ఆయన కడుపు ఎప్పుడో అలవాటు పడిపోయింది.

“అక్కా,” అన్నాడు డ్రైవరు సీటులో పడుకుని, “నీ ముక్కు చంపుకోకు. నాది పోయింది. ఇందాక నా బట్టల కంపు నాకే తెలియలేదు.”

బస్సు వెళ్ళిపోయింది. మళ్ళీ శనివారానికి గాని రాదు. ఆ శనివారం ముప్పయ్యో తారీఖు. సోమవారం ఒకటో తారీఖు. ఆ బస్సు తప్పితే బల్ల ఇంకొకరిది.

మర్నాడు పొద్దున ఆమె గుడ్లు కడుగుదామని పంపు దగ్గరికి వెళ్ళింది. ఇన్నాళ్ళకి మొదటిసారి గాలి మారింది. షెడ్డు వెనకనుంచి తన బూటు వాసన వచ్చింది. తన బూటు తన కాలికే ఉంది, అప్పుడే కడిగింది కూడా. ముక్కు మూసుకుని వెనక్కి నడిచింది. రేకుల గోడకి ఆనుకుని మనిషి ఎత్తు దిబ్బ. అడుగు ఎండి రాయిలా బిగుసుకుంది, పైన తడిగా మెరుస్తోంది. దాని పక్కన మాస్టారు ఒంటికాలి మీద నిలబడి ఎడమ బూటు బోర్లించి దులుపుతున్నారు. పిడికెడు నల్ల బురద జారి దిబ్బమీద పడింది. కుళ్ళిన గుడ్డు, తుప్పు, ఆ తియ్యదనం.

“మీది ఆగలేదా?”

ఆయన బూటు వీపు వెనక దాచబోయారు.

“ఆఫీసులో మ్యాపు మీద మీ గుర్తుంది. పక్కన మీ ఫోటో ఉంది. ఉత్తరపు చిత్తడిలో మొదటి గుర్తు మీదేనని గుమాస్తా చెప్పాడు.”

“వెళ్ళానమ్మా,” అన్నారు మాస్టారు. “నాకు ముప్పై రెండేళ్ళప్పుడు ఆ మడుగు దాకా వెళ్ళాను. ఒడ్డున నిలబడి చూశాను. ఛీ అన్నాను. పైకే అన్నాను. కాలు పెట్టలేక వెనక్కొచ్చేశాను. ఆఫీసులో అందరూ లేచి చప్పట్లు కొట్టారు. దిగలేదని చెప్పడానికి నోరు రాలేదు. దారి చెప్పమంటే మ్యాపు మీద ఎక్కడో వేలు పెట్టాను.”

“ఆ వేలు నమ్మి ఎవరైనా వెళ్ళారా?”

ఆయన దిబ్బకేసి చూశారు. “ఒకావిడ వెళ్ళింది. తన చోటు నా గుర్తుకి పక్కనే ఉండాలని ఆఫీసువాళ్ళు చెప్పారు. పదకొండు రోజులు బురదలో తిరిగింది. కాలు కుళ్ళిపోయింది. మోకాలి దాకా తీసేశారు.”

“ఆవిడకి చెప్పారా?”

“ప్రతి ఏడూ నాకు ఉత్తరం రాస్తుంది. మీ అంత ఓర్పు నాకు లేకపోయింది మాస్టారూ, మీ పేరు చెడగొట్టాను, క్షమించండి అని.”

ఛీఛీ పిన్ని ఇంతవరకు చూసిన అసహ్యాలన్నిటికీ ఒక రంగో, వాసనో ఉండేది. వేడినీళ్ళు పోస్తే ఎంతో కొంత వదిలేది. ఇది అలాంటిది కాదు. వెన్నులోంచి పైకి పాకింది. “మీ చేతులు చూస్తే నాకు వాంతి వచ్చేది మాస్టారూ,” అంది. “ఇప్పుడు మీ మొహం చూస్తే వస్తోంది.”

“రావాలి,” అన్నారాయన. “నాకు కూడా రావాలి. రావట్లేదు. రోత చంపుకుంటే మళ్ళీ వెళ్ళి దిగొచ్చు అనుకున్నాను. అందుకే ఇవన్నీ మొదలుపెట్టాను. చంపుకున్నాను. చచ్చాక మరి ఆ మడుగు ఎటో తెలియలేదు. పదిసార్లు వెళ్ళాను. అన్ని మడుగులూ ఒకేలా ఉన్నాయి.” ఆమె బూటుకేసి చూసి అన్నారు, “నీదీ అదే మట్టి కదా? నేను ఛీ అన్నాక ఇన్నేళ్ళు చూసి చూసి, ఆ మడుగు ఇక నిన్ను పిలిచినట్టుంది.”

ఈ ముసలాయన ముప్పై ఏళ్ళ కిందట కాలు వెనక్కి తీసుకున్నందుకు తన నలభై దుప్పట్లు పాడయ్యాయి. ఆమెకి ఆయన్ని ఆ దిబ్బలోనే పాతేయాలనిపించింది. కానీ శనివారానికి ఆరు రోజులే ఉన్నాయి.

“సంచీ సర్దండి,” అంది. “నా వెనకాల పది అడుగుల దూరంలో నడవండి. గాలి నా వైపు వీస్తుంటే ఇరవై.”

దారి కనిపెట్టడానికి ఆమెకి మ్యాపు అక్కర్లేకపోయింది. నాలుగు వైపులా ముక్కు తిప్పి, ఎటు వెళ్ళడానికి ఒళ్ళు బొత్తిగా ఒప్పుకోవట్లేదో అటు నడిచేది. నేల బాగున్న చోట ఆగి, ఇది కాదు అని తిరిగేది. జిగురు కారే చెట్లు, ఉబ్బిన శవాల్లాంటి పుట్టగొడుగులు, కళ్ళలో చెవుల్లో దూరే ఈగలు. ఎంత ఛీ అనిపిస్తే అంత దగ్గరకి వచ్చినట్టు. ప్రతి మలుపులోనూ ఒక కొమ్మకి గుడ్డపీలిక కట్టింది. మూడో రోజు మధ్యాహ్నానికి ఇక ఒక్క అడుగు కూడా వెయ్యలేననిపించిన చోట, ముందుకి వంగి ఆకులు తప్పించింది.

గదంత మడుగు. నీళ్ళమీద పాల మీగడలా బూడిదరంగు తొక్క కట్టింది. కిందనుంచి బుడగ వచ్చి తొక్కని ఉబ్బించి, పగిలి, కంపు వదిలేది. పైనున్న చెట్ల పళ్ళు ముగ్గి టపటపా అందులో రాలి, రాలిన పండులో తెల్ల పురుగులు దారాల్లా కుతకుతలాడుతున్నాయి. తియ్యదనం అక్కణ్ణుంచే. ఆమె చెట్టు పట్టుకుని, ఉన్నదంతా కక్కేసింది.

“ఇదేనా?” అన్నారు మాస్టారు, మామూలు గుంటని చూసినట్టు చూస్తూ.

“ఇదే.”

“సరే, నేనే దిగుతాను. నీకు బెడద వదుల్తుంది.”

ఆయన పెరట్లోకి నడిచినట్టు తొడలదాకా దిగి, పురుగుల మధ్య నిలబడి, తాపీగా వంద లెక్కపెట్టి, పైకొచ్చి, కాళ్ళు కూడా దులుపుకోకుండా రొట్టె తీశారు. ఆమెకి ప్రాణం లేచొచ్చింది. కాలు పెట్టక్కర్లేకుండానే అయిపోయిందనుకుంది.

తెల్లవారి చూస్తే ఆమె బూటులో పిడికెడు. ఆయన బూటులో పిడికెడు.

మాస్టారు బూటులో వేలు పెట్టి చూశారు. “దిగాను కదమ్మా. వంద లెక్కపెట్టాను కదా.”

“స్నానానికి దిగినట్టు దిగారు,” అంది ఆమె. అనగానే ఏం చేయాలో తనకి తెలిసిపోయింది, తెలిసినందుకు ఏడుపొచ్చింది. మడుగు అడిగింది కాలు ఒక్కటే కాదు. అప్పుడు ఛీ అన్నారే ఆ మనిషిని అడిగింది. ఆ మనిషి ఇప్పుడు ఆయనలో లేడు.

బూటు విప్పింది. మేజోడు విప్పింది. మడత పెట్టింది, మడత పెట్టకుండా ఉండలేదు గనక. పాదం ముందుకి చాపితే వేళ్ళు వాటంతటవే వెనక్కి ముడుచుకున్నాయి. “ఛీ,” అంది. అని, దించింది. తొక్క చీలి చీలమండ చుట్టూ చల్లగా మూసుకుంది. వేళ్ళ సందుల్లో దారాలు కదిలాయి. ఒకటి, రెండు, మూడు. పిక్కమీద ఏదో ఎక్కుతోంది. పద్దెనిమిది, పంతొమ్మిది. ఒక పండు వచ్చి భుజం మీద పడి చితికింది. నలభై ఒకటి దగ్గర తనమీద తనే కక్కుకుంది. ఆపితే మళ్ళీ ఒకటి నుంచి రావాలేమోనన్న భయంతో వెంటనే నలభై రెండు అనేసింది. అసహ్యం తగ్గుతుందేమో, అలవాటవుతుందేమో అని ఆశపడింది గాని, తగ్గలేదు. తొంభై తొమ్మిదో అంకె మొదటి అంకెకన్నా రోతగా ఉంది. వంద అని, గట్టుమీద పడిపోయింది. మడుగు ఇంకో బుడగ వదిలింది, అంతే.

గురువారం పొద్దున ఇద్దరి బూట్లూ ఎముకలా పొడిగా ఉన్నాయి.

గుడ్డపీలికలు ఉన్నాయి కాబట్టి తిరుగుదారి రెండు రోజులే పట్టింది. ఆమె దాదాపు పరిగెత్తింది. సోమవారం, తెల్ల బల్ల, కిటికీ. వెనకాల మాస్టారు మాటిమాటికీ ఆగిపోతున్నారు. మొదటి రోజు చొక్కా కాలరు ముక్కు దగ్గరికి లాక్కుని, “ఇది నాదేనా?” అన్నారు. రెండో రోజు రొట్టె తుంచి, తన వేళ్ళకేసి చూసుకుని, దూరంగా విసిరేశారు. సాయంత్రానికి షెడ్డు చేరేసరికి గడ్డాన్ని ఒంటికి తగలకుండా రెండు పుల్లలతో పైకెత్తి పట్టుకుని నడుస్తున్నారు.

శనివారం పొద్దున ఆమె ఉతికిన బట్టలు వేసుకుని, సంచీ తగిలించుకుని బయటికి వచ్చింది. మాస్టారు పంపు కింద కూర్చుని ఉన్నారు. ఇసకతో, కుండ పెంకులతో చేతులు రుద్దుకుంటున్నారు. మణికట్ల దగ్గర తోలు లేచి నెత్తురు కారుతోంది. పక్కన నేలమీద వాంతి, దాని పక్కన ఇంకో వాంతి. ముప్పై ఏళ్ళుగా మింగిన పురుగులూ, చప్పరించిన మట్టీ, పట్టుకున్న పెంటా అన్నీ ఒక్కసారిగా గుర్తొస్తే ఏ మనిషైనా అంతే.

“పోవట్లేదమ్మా,” అన్నారు, చిన్నపిల్లాడిలా ఏడుస్తూ. “గోళ్ళకింద. చూడు. ఎన్నేళ్ళ నుంచి ఉందో.”

ఆమె చూడదలచుకోలేదు. చూసింది. “పోతుంది. రోజూ కడుక్కోండి. నాకు బస్సుంది.”

“ఆవిడకి ఉత్తరం రాయాలి. కాలు పోయినావిడకి. ఇవాళ బస్సులో పంపలేకపోతే మళ్ళీ రాయను, నా సంగతి నాకు తెలుసు. కాగితం తీశాను. ఈ చేతుల్తో ఎలా ముట్టుకోను? ఆవిడ దాన్ని చేత్తో పట్టుకుని చదువుతుంది కదా?”

రోడ్డు మలుపులో బస్సు కనిపించింది. దుమ్ము రేపుకుంటూ వచ్చి, తిరిగి, ఆగింది. బస్సు డ్రైవరు హారన్ కొట్టాడు. అతను పది నిమిషాలకన్నా ఆగడు. ఆమె నాలుగడుగులు వేసింది. ఇలా వదిలేస్తే ఆయన ఆ పెంకుతో ఎముకదాకా రుద్దుకుంటాడు, అయినా గోళ్ళకింద నలుపు నలుపుగానే ఉంటుంది. రుద్దడం తెలియని మనిషి. మురికిని లోపలికి తోసేస్తున్నాడు.

సంచీ దింపింది. అందులోంచి సబ్బూ, గుడ్డా, గుండుసూదీ తీసింది.

“ఆ పెంకు అవతల పారేయండి,” అంది. “నానబెట్టకుండా ఏ మురికీ వదలదు.”

ఆయన చెయ్యి తన చేతిలోకి తీసుకుంది. జిగటగా, వెచ్చగా, పుండ్లతో, ఆమె పట్టుకున్నవాటిలో ఇంతకన్నా హీనమైనది లేదు. సబ్బు నురుగు నల్లగా కారింది. సూది మొన గోటికింద పెట్టి లాగితే పిసరు పిసరుగా వచ్చింది, ఒక్కో పిసరుకి ఒక్కో ఏడు కంపు. రెండుసార్లు మొహం తిప్పుకుని డోక్కుంది. మళ్ళీ వంగింది. ఇంకోసారి హారన్ వినిపించింది. ఆమె మధ్యవేలి గోటి దగ్గరుంది.

“వెళ్ళమ్మా,” అన్నారు మాస్టారు. “నీ బల్ల.”

“కదలకండి. సూది గుచ్చుకుంటుంది.”

కండక్టరు కిందికి దిగి, రావడం లేదా అని కేకేశాడు. “కాసేపు ఆగితే ఉత్తరం ఒకటుంది,” అని అరిచింది. ఆగలేడట, టైమైపోయిందట. “అయితే వచ్చే శనివారం తీసుకెళ్దురు గాని,” అంది, తల ఎత్తకుండానే. “రాయించి ఉంచుతాను. నేనిక్కడే ఉంటాను.”

బస్సు కదిలిన చప్పుడైంది. దుమ్ము వచ్చి, అప్పుడే కడిగిన చేతిమీద వాలబోతే గుడ్డ కప్పింది. ఐదు గోళ్ళూ వెలుగుకి ఎత్తి చూసింది. వాసన చూసింది. చిటికెన వేలు ఒప్పుకోలేదు, మళ్ళీ నానబెట్టింది.

“రెండో చెయ్యి ఇవ్వండి,” అంది.